మిల్ట్రీ బాపు ట్రంకు పెట్టె

ఇచ్చోడ (మా విలేఖరి):

నవంబరు నెల వచ్చిందంటే మా ఇంటి అరుగు మీద పొద్దున్నే నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండటం మా వాడకట్టు వారికి అలవాటైన విషయం. ఒక్కొక్కరి చేతిలో ఒక సంచి, అందులో అట్టలు ఊడిపోయిన డిశ్చార్జి పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం, ఆధార్ కార్డు. వీరంతా సైన్యంలో పని చేసి వచ్చిన వారి భార్యలు. చాలామందికి భర్తలు లేరు. ఏటా ఆ నెలలో తాము బతికి ఉన్నామని ప్రభుత్వానికి తెలియజేసుకుంటేనే పింఛను ముందుకు సాగుతుంది. ఆ కాగితం పని చేసి పెట్టే మనిషి కోసం వారు మా అరుగు ఎక్కేవారు.

ఆ మనిషి మా బాపు. ఊరంతటికీ 'మిల్ట్రీ బాపు'. 2022 జనవరిలో, 72వ ఏట ఆయన కన్ను మూశారు. అయినా నవంబరులో అరుగు ఖాళీగా ఉండటం లేదు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, 16న విజయ దివస్ జరుపుకొనే ఈ రోజుల్లో, పెద్ద పతకాలేవీ పొందని ఒక సామాన్య సైనికుడి జీవితాన్ని పాఠకుల ముందు ఉంచడం సముచితమని ఈ విలేఖరి భావిస్తున్నాడు. సొంత తండ్రిని గురించి రాసుకోవడం పత్రికా ధర్మమా కాదా అని చాలా రోజులు తటపటాయించిన మాట వాస్తవం. కాని ఆయన పోయిన తరువాత మా ఇంట్లో జరిగినది తెలిస్తే మరికొన్ని ఇళ్ళకు మేలు కలుగుతుందన్న ఆశే ఈ వ్యాసానికి కారణం.

బడులు మూసిన ఏడాది

1969వ సంవత్సరం తెలంగాణ ఉద్యమం నాటిది. బడులు, కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. అప్పుడు మా బాపు వయసు 19. మెట్రిక్ మధ్యలో ఆగింది. ఇంట్లో నాలుగెకరాల నల్లరేగడి చెలక, అందులో జొన్న, కంది, పత్తి. అన్నదమ్ములు ముగ్గురు. ఉన్న భూమి ముగ్గురికి చాలదని ఆయనకు ఆ వయసులోనే అర్థమైంది.

సికింద్రాబాదులో సైన్యంలోకి మనుషులను తీసుకుంటున్నారని లారీ డ్రైవర్ల నోట విన్నారు. ఇచ్చోడ హైదరాబాదు - నాగపూర్ రహదారి మీది ఊరు కాబట్టి, మా దగ్గరికి ప్రపంచం వార్తలు ముందుగా లారీల మీదనే వచ్చేవి. ఇంట్లో చెప్పకుండా ఒక పప్పుల లారీ ఎక్కి, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగి, సికింద్రాబాదు చేరుకున్నారు. ఛాతీ కొలత సరిపోయింది. బరువు తక్కువైతే ఆ పొద్దున ఆరు అరటి పండ్లు తిని రెండు చెంబుల నీళ్ళు తాగి మళ్ళీ తూనిక ఎక్కానని చెప్పి నవ్వేవారు.

ఆయనను ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా తీసుకున్నారు. సైన్యానికి బియ్యం, పిండి, పెట్రోలు, మందుగుండు అందించే విభాగమది. బెంగుళూరులో శిక్షణ ఇచ్చారు. అప్పటివరకు ఆయన తోలింది ఎడ్లబండి ఒక్కటే. జబల్‌పూర్‌లో తయారైన మూడు టన్నుల శక్తిమాన్ లారీ స్టీరింగు చేతికి వచ్చిన రోజున, కాలు వణికి క్లచ్చి వదలలేకపోయానని చెప్పేవారు. ఆరు నెలలకు అదే లారీని కళ్ళు మూసుకుని విప్పి బిగించగలిగే స్థితికి వచ్చారు.

"బండిని మనం సూసుకుంటే, బండి మనల్ని సూసుకుంటది" అన్నది ఆయన ఊతపదం. సైకిలు గొలుసుకు నూనె వేసేటప్పుడు కూడా ఆ మాటే అనేవారు.

99 ఏపీఓ అంటే ఏ ఊరు?

శిక్షణ ముగిశాక తూర్పు వైపు పంపారు. ఇంటికి వచ్చే ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. కేరాఫ్ 99 ఏపీఓ అని మాత్రం ఉండేది. తూర్పు ప్రాంతంలోని సైనికులకు చేరే ఉత్తరాలకు అదే చిరునామా. మా బాపమ్మకు చదువు రాదు. తొంభై తొమ్మిది అనేది ఒక ఊరనే ఆమె నమ్మకం. "నా కొడుకు తొంభైతొమ్మిదిల ఉన్నడు" అని అంగడిలో అందరికీ చెప్పేదట. ఆ ఊరికి బస్సు ఎక్కడ దొరుకుతుందని ఒకసారి ఆదిలాబాద్ బస్టాండులో కండక్టరును అడిగిందని మా పెద్దనాన్న ఇప్పటికీ చెబుతుంటారు.

1971 వానాకాలంలో ఆయన దళం అస్సాం నుంచి త్రిపుర వైపు కదిలింది. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం సాగించిన దమనకాండకు తాళలేక లక్షలాది మంది సరిహద్దు దాటి వస్తున్న కాలమది. 1971 జనాభా లెక్కల ప్రకారం త్రిపుర జనాభా సుమారు 15 లక్షల 50 వేలు. ఆ ఒక్క చిన్న రాష్ట్రానికి వచ్చి చేరిన శరణార్థులు దాదాపు 14 లక్షలు. అంటే ఊరికి ఊరంత మంది చుట్టాలు వచ్చినట్లు. రైలు ధర్మనగర్ వరకే. అక్కడి నుంచి అగర్తలా వరకు కొండల మీదుగా ఒకటే రోడ్డు. సైన్యానికి కావలసిన సామాను, శరణార్థులకు కావలసిన తిండి గింజలు, అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదనే పోవాలి.

యుద్ధం గురించి మా బాపు ఎక్కువ చెప్పేవారు కాదు. చిన్నప్పుడు మేము "ఎంత మందిని చంపినవ్ బాపూ" అని అడిగితే, "నేను పిండి బస్తాలు మోసిన కొడుకా" అని మాట మార్చేవారు. ఒక్క సంగతి మాత్రం పదే పదే చెప్పేవారు. ఒక రాత్రి వానలో ఆయన లారీ వెనక చక్రాలు బురదలో ఇరుసు దాకా కూరుకుపోయాయి. శత్రువు కంట పడకూడదని దీపాలు వేయడానికి వీలు లేదు. వెనక లారీల వరుస ఆగిపోయింది. అప్పుడు రోడ్డు పక్క చెట్ల కింద తడుస్తూ కూర్చున్న శరణార్థులు లేచి వచ్చారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా లారీకి భుజం పెట్టారు. తమ దగ్గరున్న చాపలు, వెదురు తడికలు తెచ్చి చక్రాల కింద వేశారు. లారీ బయట పడింది.

"వాళ్ళకు పండుకోను ఉన్నది గా చాప ఒక్కటే బిడ్డా. గది నా చక్రం కింద ఏసిన్రు. నేను దిగి దండం పెడదామంటే ఆగనీకి లేదు. ఎవలో, పేరేందో కూడా అడగలే" అనేవారు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు మారేది. పేరు అడగలేదన్న బాధ ఆయనను చివరిదాకా వదలలేదు.

మన తెలుగాయన డివిజన్

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. సిల్హెట్ వైపు సాగిన 8వ మౌంటెన్ డివిజన్‌కు మేజర్ జనరల్ కె.వి.కృష్ణారావు నాయకత్వం వహించారు. ఆయన నేటి శ్రీకాకుళం జిల్లాలో 1923లో పుట్టిన తెలుగువారు. డిసెంబరు 7న ఆ డివిజన్‌కు చెందిన గూర్ఖా దళాన్ని హెలికాప్టర్లలో సిల్హెట్ సమీపాన దింపడం ఆ యుద్ధంలో పేరు పొందిన ఘట్టం. మా బాపు నడిపిన లారీల వరుస ఆ వైపు వెళ్ళే దళాలకే సామాను చేర్చింది. జనరల్‌ను ఆయన దగ్గరగా చూసింది లేదు. దుమ్ములో పోతున్న జీపును ఒకసారి చూసి సెల్యూట్ కొట్టారట. అంతే.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ, మన లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా ఎదుట లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. సుమారు 93 వేల మంది బందీలయ్యారు. ఆ కబురు అందినప్పుడు మా బాపు లారీ కింద పడుకుని ఉన్నారు. పేలిపోయిన టైరు మారుస్తున్నారు. కబురు చెప్పిన హవల్దారు వెంటనే, "టైరు బిగించు, రేషను ఆగొద్దు" అన్నారట.

పదేళ్ళ తరువాత, 1981 జూన్ 1న అదే కృష్ణారావు భారత సైన్యాధిపతి అయినప్పుడు, బ్యారక్‌లోని నలుగురు తెలుగు జవాన్లు చందాలు వేసుకుని లడ్డూలు పంచారు. ఆయన 2016 జనవరి 30న ఢిల్లీలో మరణించిన వార్త పత్రికలో చూసి, మా బాపు ఆ రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పతకాలు పెట్టుకుని ఇంట్లోనే కుర్చీలో కాసేపు కూర్చున్నారు. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, తొమ్మిదేళ్ళ సేవా మెడల్ - ఆయన సంపాదన ఈ నాలుగే. నాలుగూ ఆ కాలపు సైనికులు వేల మందికి వచ్చినవే. ఆయన వాటిని ఒక చాయపత్తి డబ్బాలో, పత్తిలో చుట్టి దాచుకునేవారు.

జతగాని ఇల్లు

మా బాపు కాగితాల మనిషి కావడానికి వెనుక ఒక విషాదం ఉంది. 1974లో ఆయనతో పాటు లారీ నడిపే జతగాడు ఒకరు కొండ దారిలో ప్రమాదంలో చనిపోయారు. ఆయన మరో జిల్లా వారు. పెళ్ళయి రెండేళ్ళు. కాని పెళ్ళి సంగతి రికార్డులో ఎక్కించుకోలేదు. వచ్చే సెలవు తరువాత చూద్దామనుకున్నారట. సైనికుడికి పెళ్ళయినా, పిల్లలు పుట్టినా ఆ సంగతి 'పార్ట్ టూ ఆర్డరు'లో రాయించాలి. అది లేకపోతే కాగితం మీద ఆయనకు భార్య లేనట్లే.

సెలవు మీద వచ్చినప్పుడు మా బాపు సొంత ఊరికి రాకముందే ఆ ఇంటికి వెళ్ళారు. ఇరవై ఏళ్ళు నిండని అమ్మాయి, చంకలో బిడ్డ. "ఈమె ఆయన భార్యేనని ఏమిటి రుజువు?" అని ఒక కార్యాలయంలో అడిగారట. పెళ్ళి ఫోటో లేదు. పెళ్ళి చేసిన అయ్యగారు, ఊరి పట్వారీ, పక్కింటివారు - అందరి చేతా కాగితాలు రాయించి పంపారు. ఆయన సెలవంతా అందులోనే గడిచింది. ఆమెకు పింఛను రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

"మనిషి సస్తే సర్కారు జెండా కప్పుతది. పేరు రాసి లేకపోతే ఆని పెండ్లానికి బుక్కెడు బువ్వ పెట్టది. తప్పు సర్కారుది ఒక్కదానిదే కాదు, రాయించుకోనోనిది గూడ" అని ఆయన అభిప్రాయం. 1976లో తనకు పెళ్ళి కాగానే, తిరిగి యూనిట్‌కు చేరిన మొదటి రోజునే గుమాస్తా ముందు నిలబడి మా అవ్వ పేరు రాయించారు. ఆ సంగతి తరువాత మళ్ళీ వస్తుంది.

నాలుగెకరాలు, ఒక జీపు

1986లో, 17 ఏళ్ళ సేవ తరువాత ఆయన పింఛనుతో ఇంటికి వచ్చారు. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో రాసిన పేరు, నంబరు, ఒక హోల్డాల్. అంతకు ముందు ఏడాది, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఇచ్చోడ మండల కేంద్రమైంది. తాను వెళ్ళేనాటి ఊరు వేరు, వచ్చేనాటి ఊరు వేరు అనేవారు.

మాజీ సైనికులకు సర్కారు భూమి ఇస్తుందని తెలిసి ఆయన కూడా దరఖాస్తు పెట్టుకున్నారు. ఒక చెలక చూపించారు. తీరా వెళ్ళి చూస్తే అందులో ఒక గోండు రైతు నాగలి కట్టి ఉన్నాడు. తండ్రి నాటి నుంచి దున్నుకుంటున్నాడు, చేతిలో పట్టా లేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో వచ్చిన 1/70 చట్టం ఉన్నా, కాగితం లేనివాడికి భయం ఎప్పుడూ ఉండేదే. మా బాపు ఆ చెట్టు కింద కూర్చుని, ఆ రైతు ఇచ్చిన నీళ్ళు తాగి, ఊరికి తిరిగి వచ్చి దరఖాస్తు వాపసు తీసుకున్నారు. "దున్నుకునేటోని నోటికాడి బుక్క నాకద్దు" అన్నారు. ఇంట్లో దీని మీద కొంత గొడవ జరిగిన మాట నిజమే. ఐదెకరాలు వదులుకున్నాడని మా తాత ఏడాది పాటు కొడుకుతో సరిగా మాట్లాడలేదు. ఆ రైతు మాత్రం ఏటా కొత్త జొన్నలు వచ్చినప్పుడు ఒక కుంచెడు తెచ్చి మా గడపలో పెట్టి పోయేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు తెస్తున్నాడు.

వ్యవసాయం చేస్తూనే, ఊళ్ళో ఒక వ్యాపారికి ఉన్న పాత జీపును ఆపద వేళల్లో నడిపేవారు. 2005లో 108 వాహనాలు రాకముందు, వానాకాలం జ్వరాల రోజుల్లో, రాత్రిపూట నొప్పులు పడే ఆడవాళ్ళను గూడేల నుంచి ఆదిలాబాద్ ఆసుపత్రికి చేర్చడమంటే మాటలు కాదు. వాగు పొంగితే ఆగాలి. బురదైతే దిగాలి. తలుపు తడితే ఎంత రాత్రైనా లేచేవారు. బయలుదేరే ముందు టార్చిలైటు, తాడు, పార, రెండు వెదురు తడికలు జీపులో ఉన్నాయో లేదో చూసుకునేవారు. తడికలు ఎందుకో మాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

దసరా వస్తే మాత్రం ఆయనకు బంధువులు పెరిగేవారు. సికింద్రాబాదు మిలిటరీ క్యాంటీనులో రమ్ము చవక అని అందరికీ తెలుసు. ఆయన తాగరు. "నా కోటా నీళ్ళు" అని నవ్వి, క్యాంటీను నుంచి సబ్బులు, టార్చి సెల్లులు, మా అక్కకు ఒక ప్రెషర్ కుక్కరు తెచ్చారు. ఆ కుక్కరు ఈనాటికీ పని చేస్తోంది.

రోడ్డు నంబరు వెంట వచ్చింది

హైదరాబాదు - నాగపూర్ దారిన సైనిక వాహనాల వరుస పోతోందంటే ఆయన ఎక్కడున్నా రోడ్డు మీదికి వచ్చి నిలబడేవారు. చివరి బండి దాటేదాకా కదిలేవారు కాదు. లారీల మధ్య దూరం సరిగా ఉందా, టార్పాలిన్ తాళ్ళు బిగువుగా ఉన్నాయా అని చూసేవారు. ఎప్పుడైనా వారు చాయ కోసం ఆగితే, డ్రైవరు దగ్గరికి వెళ్ళి హిందీలో రెండు మాటలు మాట్లాడి, ఇంటికి తిరిగి వచ్చి ఆ రోజంతా హుషారుగా ఉండేవారు.

మన రోడ్డు అప్పట్లో 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చారు. మన రోడ్డు 44 అయింది. రోడ్డు పక్కన కొత్త రాయి చూసి ఆయన చాలాసేపు నిలబడిపోయారు. పాత లెక్కలో 44వ నంబరు రహదారి అంటే షిల్లాంగ్ నుంచి అస్సాం మీదుగా త్రిపుర పోయే రోడ్డు. 1971లో ఆయన చక్రాలు దిగబడిన దారి అదే. "గా రోడ్డు నన్ను ఎతుక్కుంట ఇచ్చోడ దాకా వచ్చింది సూడు" అన్నారు. ఆ దారిలో చాపలు పరిచిన వారిని ఆ రోజు మళ్ళీ తలచుకున్నారు.

అరుగు మీది కార్యాలయం

కాగితాల పని ఎప్పుడు మొదలైందో ఆయనకే గుర్తు లేదు. మొదట ఒకరి మనియార్డరు రాలేదని ఉత్తరం రాసి పెట్టారు. తరువాత చుట్టు ఊళ్ళ నుంచి రావడం మొదలైంది. ఆంగ్లంలో ఆయనకు వచ్చింది నాలుగైదు వాక్యాలే. 'విత్ డ్యూ రెస్పెక్ట్' అని మొదలు పెట్టి, విషయం మూడు ముక్కల్లో రాసి, నంబరు తప్పు లేకుండా చూసుకుని, రిజిస్టర్ పోస్టు రసీదును దరఖాస్తు నకలుకు గుండుసూదితో గుచ్చేవారు. మాజీ సైనికులకు వైద్యం అందించే ఈసీహెచ్ఎస్ పథకం 2003 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు కార్డులు, 2015 నవంబరులో 'ఒకే ర్యాంకు - ఒకే పింఛను' ఉత్తర్వు వచ్చినప్పుడు బకాయిల లెక్కలు - అన్నీ అరుగు మీదనే సాగాయి. ఆ ఉత్తర్వు 2014 జులై 1 నుంచి వర్తించింది కాబట్టి, బ్యాంకులో జమ అయిన సొమ్ము సరిగా ఉందో లేదో తానే కాగితం మీద లెక్క వేసి చూపేవారు.

ఎవరి దగ్గరా పైసా తీసుకునేవారు కాదు. ఎవరైనా పట్టుబట్టి ఇస్తే, "పోస్టు ఖర్చు పన్నెండు రూపాయలు, గంతే ఇయ్యి" అని మిగతాది తిరిగి ఇచ్చేవారు. వచ్చిన ప్రతి స్త్రీని ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే. "నీ పేరు బుక్కుల ఏమని ఉన్నదమ్మా?" డిశ్చార్జి పుస్తకంలో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి, భర్త బతికి ఉండగానే దాన్ని సరి చేయించేవారు. భర్త సంతకం ఉంటే నెలల్లో అయ్యే పని, ఆయన పోయాక ఏళ్ళు పడుతుందని చెప్పేవారు.

మా ఇంటి పుస్తకంలో

ఇంత చేసిన మనిషి తన సొంత పుస్తకంలో తేడా ఉంచి వెళ్ళారని ఆయన పోయిన తరువాత తెలిసి మేము నివ్వెరపోయాము.

మా అవ్వ పుట్టిల్లు కిన్వట్ వైపు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు కిన్వట్ తాలూకా మన ఆదిలాబాద్ జిల్లాలోనిదే. ఇప్పుడు మహారాష్ట్ర. ఆ వైపు కొన్ని కుటుంబాల్లో పెళ్ళినాడు పిల్లకు అత్తింటివారు కొత్త పేరు పెడతారు. పుట్టింటి పేరు ఆ రోజుతో పోతుంది. మా అవ్వకు కూడా అలాగే జరిగింది. రేషను కార్డు, ఓటరు జాబితా, ఆధార్ - అన్నింట్లో అత్తింటి పేరే. సైన్యం రికార్డులో మాత్రం ఆమె పుట్టింటి పేరు ఉంది.

మరణ ధ్రువపత్రం, పింఛను కాగితాలు పట్టుకుని వెళితే, "ఈ పేరు గల ఆమె ఎవరు? ఈ వచ్చిన ఆమె ఎవరు?" అన్న ప్రశ్న ఎదురైంది. ఆ కుర్చీలో కూర్చున్న ఉద్యోగిది తప్పని చెప్పలేము. కాగితం ప్రకారం ఆయన అడిగింది న్యాయమే. కాని 46 ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ మాట వినవలసి వచ్చింది. అవ్వ ఏమీ అనకుండా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

ఇంటికి వచ్చాక ట్రంకు పెట్టె తీశాము. ఆయన ఫైలు అన్నిటికన్నా పైనే ఉంది. దానిలో ఆయన చేతి రాతతో ఒక కాగితం. ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివే అని, 1976లో తానే రాయించానని, కింద ఆయన సంతకం, అవ్వ వేలిముద్ర. తేదీ 2017. కాని అది తెల్ల కాగితం. దాని మీద అధికారి ముద్ర లేదు. అందరి కాగితాలకు ముద్రలు వేయించిన మనిషి తన దానికి వేయించలేదు.

"ఇంత తెలిసినోడు ఎందుకు మార్పించలేదవ్వా?" అని కొంచెం కోపంగానే అడిగాను. అవ్వ చెప్పిన సమాధానం ఇది:

"నేనే వద్దన్న. పెండ్లైన ఏడు మీ బాపు నన్ను అడిగిండు, సర్కారు పుస్తకంల నీ పేరు ఏం రాయించాలె అని. మా నాయిన పెట్టిన పేరు చెప్పిన. గదే రాయించిండు. అటెన్క ఆధార్ వచ్చినంక మారుద్దామన్నడు. ఆ పేరు ఇగ ఎక్కడ లేదు బిడ్డా, గా బుక్కుల్నే మిగిలింది. గదిగూడ తుడిపేస్తే నేను ఎవలి బిడ్డనని చెప్పుకోవాలె? అందుకే మార్చద్దన్న. సరే అని ఊకున్నడు."

ఆయన తప్పు చేశారా అంటే, కాగితం లెక్కలో చేశారనే చెప్పాలి. పేరు మార్చనవసరం లేకుండానే, రెండు పేర్లూ ఒకరివే అని ఇద్దరూ బతికి ఉండగా ప్రమాణ పత్రం చేయించి పంపి ఉంటే సరిపోయేది. రేపు మాపు అనుకున్నారు. తెల్ల కాగితం చాలుననుకున్నారేమో. ముద్రలు లేకుండా ఏదీ చాలదని ఊరందరికీ చెప్పిన మనిషి కూడా, సొంత ఇంటికి వచ్చేసరికి మామూలు మనిషే.

పత్రికలో అవ్వ పేరు

ఆ తరువాత పద్నాలుగు నెలలు తిరిగాము. నోటరీ ప్రమాణ పత్రం, తహసీలు కార్యాలయం నుంచి కుటుంబ ధ్రువపత్రం, కిన్వట్ వైపు ఆమె చదివిన రెండో తరగతి బడి రిజిస్టరు నకలు, ఇద్దరు సాక్షులు. పేపరులో ప్రకటన కూడా వేయాలన్నారు. ఊరందరి ప్రకటనలూ సేకరించి పంపే ఈ విలేఖరి, ఈసారి సొంత తల్లి పేరు మీద రుసుము కట్టి ప్రకటన ఇచ్చాడు. మర్నాడు ఆ మూడు వరుసలను చదివి వినిపిస్తే, తన తండ్రి పెట్టిన పేరు అచ్చులో ఉందా అని అవ్వ రెండు సార్లు అడిగింది. ఆ ముక్క కత్తిరించి చాయపత్తి డబ్బాలో, పతకాల పక్కన పెట్టుకుంది.

2023 మార్చిలో కుటుంబ పింఛను మంజూరైంది. ఉత్తర్వులో రెండు పేర్లూ ఉన్నాయి. మధ్యన 'అలియాస్' అన్న మాట ఉంది. దానికి అర్థం ఏమిటని అవ్వ అడిగింది. "రెండూ నువ్వే అని" అని చెప్పాను. "మీ బాపు గదే కదా రాసిండు" అన్నది.

సామాన్యంగా కుటుంబ పింఛను చివరి వేతనంలో 30 శాతం. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ పద్నాలుగు నెలలు అవ్వకు పట్టిన బెంగ డబ్బు గురించి కాదు. తాను ఆయన భార్యనని రుజువు చేసుకోవలసి రావడం గురించి.

తోటి కుటుంబాలకు విజ్ఞప్తి

మన ప్రాంతంలో ఇళ్ళలో పిలుపు పేర్లు వేరు, బడిలో పేర్లు వేరు, పెళ్ళి తరువాత పేర్లు వేరు. తెలుగు, మరాఠీ, గోండి, ఉర్దూ కలిసిన ఊళ్ళలో ఒకే పేరును నలుగురు గుమాస్తాలు నాలుగు విధాల రాస్తారు. ఇప్పుడు రక్షణ పింఛన్లన్నీ 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చాయి. అక్షరం తేడా ఉన్నా కంప్యూటరు ఒప్పుకోదు. కాబట్టి మాజీ సైనికులు ఉన్న ప్రతి ఇంట్లో డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఈ రోజే పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. భార్య పేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు సరిపోలకపోతే, ఆ సైనికుడు ఉండగానే ఆయన సంతకంతో రికార్డు కార్యాలయానికి రాయాలి. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. పేరు మార్చుకోవడం ఇష్టం లేని వారు రెండు పేర్లూ ఉండేలా ప్రమాణ పత్రం చేయించుకోవచ్చు. తెల్ల కాగితం మాత్రం చాలదు.

ఇది మా బాపు ఊరందరికీ చెప్పిన మాట. మాకు చెప్పడం మరిచిన మాట.

ట్రంకు పెట్టె మీద తెల్ల రంగు వెలిసిపోతే, మొన్న దసరాకు ఈ విలేఖరి మళ్ళీ రంగు వేయించాడు. ఆయన పేరు, నంబరు అలాగే ఉన్నాయి. కిందుగా అవ్వ రెండు పేర్లూ రాయించాము. ఆమె అడిగినందుకే.

నవంబరులో ఎప్పటిలాగే ఆడవాళ్ళు వచ్చారు. ఫోనులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పంపే పని ఇప్పుడు నేను చేస్తున్నాను. అవ్వ అరుగు మీద వారి పక్కన కూర్చుంటుంది. ఆమెకు చదువు అంతగా రాదు. కాని వచ్చిన ప్రతి ఒక్కరినీ నాకన్నా ముందే అడుగుతోంది.

"నీ పేరు బుక్కుల ఏమని ఉన్నదమ్మా?"